రాజలింగం మడమను తన్నిందెవరు?

పరాయి రాష్ట్రానికి వలసెళ్లి, బమ్రోలి సాంచాల కార్ఖానాలో ఏళ్ల తరబడి మరమగ్గం మీద బట్ట నేసిన రాజలింగాన్ని అక్కడి తెలుగువాళ్లు డాక్టర్ సాబ్ అనేవారు. ఆయన చదివిందల్లా గోలీల అట్టల మీది అక్షరాలు, అవీ కూడబలుక్కుని. అయినా వాడలో ఎవరు తుమ్మినా మందు చెప్పేది ఆయనే. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలో ఆయన పరపతి మరీ పెరిగింది. అసలు డాక్టర్లు దొరకలేదు, రాజలింగం ఎప్పుడూ దొరికేవాడు.

ఆయనకే దగ్గు పట్టుకుంది. జగిత్యాలలో బామ్మర్ది లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మింగి గట్టెక్కాడని విని, అవే తెచ్చుకున్నాడు. మందుల దుకాణంవాడు డాక్టర్ చీటీ అడగలేదు. అడిగితే గిరాకీ పోతుంది.

"జర పరీక్ష చేయించుకోరాదయ్యా," అంది భార్య కనకవ్వ.

"పరీక్ష చేస్తే రోగమున్నదంటరు. మందేస్తే రోగమే ఉండది. ఏది మంచిది?"

దగ్గు తగ్గింది గాని మడమ వెనక సలుపు మొదలైంది. నిలబడి చేసే పని కదా అని తానే తేల్చేసి, నొప్పి గోలీ ఒకటి కలిపాడు. పాతవి ఆపలేదు.

ఒక పొద్దున కార్ఖానా మెట్టెక్కుతుంటే వెనకనుంచి ఎవరో తన్నినట్టు టప్పుమంది. బోర్లా పడ్డాడు.

"ఎవడ్రా నన్ను తన్నింది?"

వెనక కనిపించింది చాయ్ తాగుతున్న తోటి పనివాడు బుచ్చిరాములు ఒక్కడే. "నేను గీడున్న, నువ్వు గాడున్నవ్. నా కాలు గంత పొడుగున్నదా?" అన్నాడతను. జనం మాస్కులు గడ్డం కిందికి దించుకుని పంచాయితీ పెట్టారు. డాక్టర్ సాబ్ అబద్ధమాడడని తీర్పిచ్చారు. సాంచా ఆగిపోయిందన్న తొందరలో బుచ్చిరాములు తప్పు ఒప్పేసుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పిక్క నొక్కి చూసింది. పాదం కదల్లేదు. ఏం మందులు మింగావని అడిగి, పిక్కను మడమకు పట్టి ఉంచే స్నాయువు తెగిందని చెప్పింది. ఆ యాంటీబయాటిక్ అరుదుగా ఇలా చేస్తుందట. ఆయనలా అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్ తోడైతే ప్రమాదం ఎక్కువట. సలుపు మొదలైనప్పుడే ఆపి రావాల్సిందట.

రాజలింగం అంతా విని, "అయితే బుచ్చిరాములు తన్నలేదా?" అని హిందీలో అడిగాడు. ఆ బుచ్చిరాములు ఎవరో ఆమెకు తెలియదు.

ఆపరేషన్ చేసి కట్టు కట్టారు. రాజలింగం ఉండే గది మేడ మీద. వీపున ఎక్కించుకుని మెట్లెక్కింది బుచ్చిరాములే.

"తన్నినోణ్ణి గదా, మొయ్యక తప్పుతదా?" అన్నాడు రొప్పుతూ. రాజలింగం సిగ్గుతో అతని భుజం మీదే తల దించుకున్నాడు.

నెలల తర్వాత కుంటుతూ వెళ్లి, కూర్చుని నూలు కండెలు చుట్టే పనిలో చేరాడు. వైద్యం మాత్రం మానలేదు. ఇప్పుడు ఏ గోలీ అయినా విషమే అంటాడు. ఒకనాడు కనకవ్వ బీపీ గోలీకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"డాక్టర్లనడిగి వేసుకోమన్నది డాక్టరమ్మ, అసలే వద్దనలే," అని ఆమె ఆ చెయ్యి పక్కకు నెట్టి, గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.