ఎర్ర ముక్కు రాజు

మా మేడమెట్ల కింది గదిలో గడియారాలు బాగుచేసే ఆయనకు మాటలు తక్కువ. ఆ లోటు నేను తీరుస్తుంటాను. ఆయన భార్యను చెల్లీ అని పిలుస్తాను కాబట్టి ఆయన నాకు మరిది వరస. పని అయిపోయాక గది తలుపు దగ్గరగా వేసి బల్ల సొరుగు లాగుతాడు. లోపల గళ్ళు గళ్ళుగా పాత రోము వెండి నాణేలు. బొటనవేలి గోరంత బిళ్ళలు, రెండువేల ఏళ్ళ నాటివట.

నాకు తెలియని సంగతి పక్కింట్లో ఉంటే అన్నం సయించదు. వెళ్ళి కూర్చుంటాను.

"ఇది ఏ రాజో ఎలా తెలుస్తుంది మరిదీ?"

"ముందు మెడ చూడండి వదినగారూ. ఈయనది లావు. ఆ పక్క నాణెం మీదాయన గడ్డమంతా ఉంగరాలు. తర్వాత చుట్టూ ఉన్న అక్షరాలు."

కంటికి భూతద్దం తగిలించుకుని, నాణేన్ని దీపం కింద ఏటవాలుగా తిప్పుతూ, అరిగిపోయిన అక్షరాన్ని దాని నీడలో వెతుకుతాడు. అంచు తడుముతాడు, చిన్న త్రాసులో తూస్తాడు. తోమడం మాత్రం లేదు. ఆ నలుపు దాని వయసట.

మధ్య గడిలో ఉండేది ఆయనకు దొరికిన మొదటి నాణెం. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ సంతకు వెళ్ళి, పాత సామాన్ల కుప్పలోంచి ఏరుకున్నారు. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు, చెల్లి పక్కన ఉంటే మరీనూ. అయితే దాన్ని త్రాసులో పెట్టగా నేనెన్నడూ చూడలేదు. ఓసారి అడిగితే, "అది అరిగిపోయింది లెండి" అని మాట దాటేశాడు.

మొన్న ఆయన ఊళ్ళో లేని పూట చెల్లి సొరుగు సర్దింది. సర్ది ఊరుకుందా? ఆయన మురిసిపోతాడని పళ్ళపొడి వేసి ఆ మధ్య గడి రాజును తళతళలాడేట్టు తోమింది. నేను వెళ్ళేసరికి బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది.

"అక్కా, దీని ముక్కు చూడు."

రాజుగారి ముక్కు మీద, బుగ్గ మీద ఎర్రగా రాగి తేలింది.

"జలుబు చేసిందేమోనే" అన్నాను. చెల్లి నవ్వలేదు.

"ఆయన ప్రాణమంతా దీని మీదే. ఇక నాతో మాట్లాడతారా? పోనీ, ఇద్దరం కలిసి తోమామని చెప్పనా?"

"బాగుందే! తిలా పాపం తలా పిడికెడా?"

సాయంత్రం ఆయన రానే వచ్చాడు. చెల్లి నాణెం ఆయన చేతిలో పెట్టింది. ఆయన భూతద్దంలో చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని త్రాసులో వేశాడు. అవతల వెండి నాణెం తూకపు రాయి పెడితే, ఇది ఉన్న తట్ట కిందికి దిగలేదు.

"రాగి బిళ్ళకు వెండి తొడుగు. ఆ కాలపు దొంగ ఎవడో చేసిన నకిలీ. చేతిలోకి తీసుకున్న రోజే తేలిగ్గా తోచింది."

"తెలిసీ ఇన్నేళ్ళు చెప్పలేదేం?" అన్నాను.

"ఎలా చెప్పను వదినగారూ? కుప్పలోంచి తీసి నా చేతిలో పెట్టింది మీ చెల్లెలే. 'మీ అదృష్టం పండిందండీ' అని చిన్నపిల్లలా గంతులేసింది."

చెల్లి కళ్ళు తుడుచుకుంది. "అయితే కోపం లేదా?"

"ఎందుకు లేదు? తోమడం తప్పే. మిగతావి ముట్టుకున్నావంటే ఊరుకోను."

అని, నాణేన్ని తిరిగి మధ్య గడిలోనే పెట్టాడు.

ఇప్పుడు ఎవరొచ్చినా ఆయన నోరు విప్పేలోపే చెల్లి సొరుగు లాగుతోంది. "ముందు ఈ రాజుగారి ముక్కు చూడండి. రెండువేల ఏళ్ళకు ఆ దొంగను పట్టుకున్నది నేనే!"

ఆయన పక్కన కూర్చుని, కాదనకుండా వింటున్నాడు.