సబ్‌మెరైన్ సినిమా, రెండు లారీల తోతాపురి

బేరం దగ్గర మా నాయన చేతి మీది తువ్వాలు లాగేసిన మొనగాణ్ణి నేను. చిత్తూరు మామిడి మండీల్లో అంత పని చేసినవాడు ఇంకొకడుంటే చూపించండి.

మా దగ్గర ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద ఇద్దరూ వేళ్లు పట్టుకుని తేల్చుకుంటారు. చెయ్యి నొక్కితే బేరం ముగిసినట్టే. ఆపైన దేవుడొచ్చినా మారదు.

నాకా పాడుబుద్ధి పుట్టింది తిరుపతిలో చూసిన ఒక ఇంగ్లీషు సినిమా వల్ల. సముద్రం అడుగున సబ్‌మెరైన్. పైనుంచి వచ్చే కబురు సగంలో తెగిపోతుంది. పెద్ద అధికారి క్షిపణి వదలమంటాడు. చిన్నవాడు మిగతా సగం రానిమ్మంటాడు, చివరికి పెద్దాయన చేతిలోంచి పెత్తనం లాక్కుంటాడు. నాలుగుసార్లు చూశాను. మాటలు సగమే అర్థమయ్యాయి, నాకు కావలసిన సగం.

ఆ జూన్‌లో ఒక గాలివాన పొద్దున బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చింది. "రెండు లోడ్లు తోతాపురి, ఈ పొద్దే..." అన్నంతలో లైను పోయింది. నేను చెప్పగానే నాయన తువ్వాలు కింద బేరానికొచ్చిన రైతు చెయ్యి నొక్కి, "లోడెత్తండప్పా" అన్నాడు.

"పంపమన్నాడో వద్దన్నాడో యాడ తెలిసింది నాయనా?" అని తువ్వాలు లాగాను. "ఫోనొచ్చేదాకా బేరం లేదు."

"ఒరే, చెయ్యి నొక్కినాను రా!"

"నీకు వయసైపోయింది. ఊరికే కూచో."

బాడుగ ఇచ్చేది నేను గనక లారీ డ్రైవర్లూ నా మాటే విన్నారు. రైతు లేచి నిలబడ్డాడు.

"ఏమన్నా, మీ మండీలో ఇప్పుడు ఎవురి మాట చెల్లుతాది?"

"నాదేలే. కాయ ఈడనే ఉండనీ," అన్నాడు నాయన. అతను నమ్మి, కాయంతా మా షెడ్డులో పోసి వెళ్లాడు.

మూడు రోజులు లైను రాలేదు. బంగారుపాళ్యానికి బైకు మీద వెళ్లి అడిగి రావచ్చు. సినిమాలో ఎవరూ బైకెక్కలేదు గనక నేనూ ఎక్కలేదు. కుప్ప అడుగున కాయ వేడెక్కి కుళ్లింది. పులిసిన రసం గుమ్మం దాటి వీధిలోకి కారింది. ఈగలు నోట్లో దూరేవి. పారతో ఎత్తుతుంటే తెల్లటి పురుగులు పాదాల మీదికి పాకాయి, అక్కడే కక్కుకున్నాను. అయినా తువ్వాలు లాగినప్పుడు నాలో రేగిన సంబరం తలచుకుంటే అంతకన్నా రోత. మిగతా కబురు ఎవడికి కావాలి? నాకు కావలసింది నాయన కూర్చునే చోటు.

నాలుగోరోజు ఫోను మోగింది. "ఈ పొద్దే పంపండంటే పలకరేమప్పా? వేరేవాళ్ల దగ్గర ఎత్తుకున్నాం."

నాయన రైతును పిలిపించి, నొక్కిన ధరకే మొత్తం ఇచ్చాడు.

"కాయ కుళ్లిపోయింది గదన్నా, సగమియ్యి, చాలు."

"నేను నొక్కినప్పుడు బాగనే ఉన్నింది గదప్పా."

అసలు లెక్క ఇది. రెండు లారీల కాయ దిబ్బలో పోయింది. ఆ డబ్బు మరుసటి ఏడు సంపాదించాం. ఆ రైతు మళ్లీ మా గడప తొక్కలేదు. నాయన మళ్లీ బేరానికి కూర్చోలేదు, ఎవరొచ్చినా "మావాణ్ణి అడుగప్పా" అనేవాడు. లాభం వైపు రాసుకోవడానికి ఆయన చోటు ఒక్కటే మిగిలింది.