మా గ్రౌండ్‌లో మాకే నోరు లేదన్నారు

ఖమ్మం జిల్లాను విడగొట్టిన మరుసటి ఏడాది నేను దుమ్ముగూడెం మండలంలో ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా ఉన్నాను. పిల్లలకు పీడీ మేడంని. కబడ్డీలో రెఫరీ పరీక్ష కూడా పాసయ్యాను కాబట్టి టోర్నమెంట్లు ఎక్కడ జరిగినా విజిల్ పట్టుకుని వెళ్ళేదాన్ని. అయితే సొంత బడి జట్టు ఆడుతున్నప్పుడు రెఫరీగా ఉండకూడదు. అందుకే నేను చెప్పబోయే మ్యాచ్‌లో కోచ్‌గా బెంచీ మీద కూర్చున్నాను. విజిల్ నా చేతిలో లేని మ్యాచ్ అది.

మొన్న ఆదివారం పాల్వంచలో ఆరాధన అయ్యాక మా చర్చిలో ఒక రిటైర్డ్ ఇంజనీరుగారు ఫోన్ తెచ్చి చూపించారు. క్రీడాకారులు ఆడడానికి ఏ నగరాలు మంచివో ఎవరో వరుసగా రాశారు. స్టేడియాలు, వాతావరణం, దవాఖానాలు, సొంత ప్రేక్షకుల చప్పట్లు, అన్నిటికీ మార్కులు వేశారు. సొంత గ్రౌండ్ బలం ఎంత గొప్పదో కదా మేడం అన్నారాయన. పాపం, ఆయన తప్పేం లేదు. నాకే ఒళ్ళు మండింది. ఎందుకో రాస్తున్నాను.

మా పిల్లలు బయటికి పోయి ఆడినన్నాళ్ళూ సొంత గ్రౌండ్ లేకపోతే ఏమవుతుందో చూశాను. రాత్రంతా బస్సులో కూర్చుని, తెల్లారి ఏ బడి వరండాలోనో ముఖాలు కడుక్కుని, ఉడికీ ఉడకని ఉప్మా తిని కోర్టులో దిగేవాళ్ళు. ఎదుటి జట్టు ఇంట్లో నిద్రపోయి వచ్చేది. మనవాళ్ళు ఓడిపోతే, అడవి పిల్లలు కదా, టౌన్ చూసి భయపడ్డారు అనేవాళ్ళు. నిద్ర చాలలేదని ఒక్కరూ అనలేదు.

కాబట్టి ఆ ఏడాది అండర్ సెవెంటీన్ బాలికల కబడ్డీ మా బడి గ్రౌండ్‌లో పెడుతున్నారని తెలిసినప్పుడు మా సంబరం ఇంతా అంతా కాదు. కోర్టు పిల్లలే తయారు చేశారు. పుట్టమట్టి తెచ్చి, జల్లెడ పట్టి, ఊక కలిపి, నీళ్ళు చల్లి తొక్కారు. పడితే మోకాలు చీరుకుపోని కోర్టు అది. చుట్టుపక్కల గూడేల నుంచి తల్లిదండ్రులు వచ్చి తాడు అవతల కూర్చున్నారు. చాలామంది తమ పిల్లల ఆట చూడడం అదే మొదటిసారి.

మా కెప్టెన్ కుంజా నాగమణి. పదో తరగతి. మా బడిలో పదితో చదువు అయిపోతుంది. ఆ టోర్నమెంట్‌లో రాష్ట్ర జట్టు శిబిరానికి ఎంపికైతే క్రీడా హాస్టల్లో సీటు వస్తుంది, ఆటా చదువూ సాగుతాయి. లేకపోతే వాళ్ళమ్మతో కలిసి మిర్చి ఏరడానికి పోవాలి. ఈ సంగతి ఆ పిల్లకూ తెలుసు, నాకూ తెలుసు.

నాగమణి ఆడేది కార్నర్‌లో. కబడ్డీ చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. రెయిడర్ కూత పెట్టుకుంటూ లోపలికి వచ్చినప్పుడు డిఫెండర్లు చేతులు కలుపుకుని చైన్ కడతారు. కార్నర్‌లో ఉన్న పిల్ల రెయిడర్ కాళ్ళనే కనిపెడుతూ వెనక్కి రా, లోపలికి తీసుకో, ఇప్పుడు పట్టు అని మిగతావాళ్ళకు చెబుతూ ఉంటుంది. డిఫెన్స్‌కు కళ్ళూ నోరూ ఆ పిల్లే. మా పిల్లలు ఆ మాటలన్నీ తమ ఇంటి భాష కోయలో అనుకునేవాళ్ళు. నేను నేర్పలేదు, వద్దనీ అనలేదు. అమ్మ దగ్గర నేర్చిన మాట నోటికి ముందొస్తుంది, అంతే.

మొదటి రోజు లీగ్ మ్యాచ్‌లన్నీ గెలిచాం. రెండో రోజు ఫైనల్ ఒక టౌన్ జట్టుతో. ఆటకు ముందు మేనేజర్ల మీటింగ్ ఉంటుంది, టాస్ వేళ, జెర్సీ నంబర్లు అన్నీ అక్కడే తేల్చుకుంటారు. ఆ మీటింగ్‌లో ఎదుటి కోచ్ లేచి ఫిర్యాదు చేశాడు. మా పిల్లలు ఏం మాట్లాడుకుంటున్నారో తన రెయిడర్లకు అర్థం కావడం లేదట. తాడు అవతలి జనం కూడా అదే భాషలో అరుస్తున్నారు కాబట్టి అది బయటి నుంచి కోచింగ్ ఇవ్వడమేనట. ఆట నడుస్తుండగా బయటి నుంచి కోచింగ్ ఇస్తే ఎదుటి జట్టుకు టెక్నికల్ పాయింట్ ఇవ్వచ్చన్నది నిజమే. టోర్నమెంట్ కన్వీనర్ ఆ నిబంధనను పట్టుకుని సాగదీశాడు. కోర్టులో గానీ బయట గానీ తెలుగు తప్ప వేరే మాట వినపడితే కోచింగ్ కిందే లెక్క అన్నాడు.

ఆ నిబంధన ఎక్కడుందో చూపించమన్నాను. కమిటీ విచక్షణ అన్నాడు. రాష్ట్ర పోటీల్లో హైదరాబాద్ జట్లు హిందీలో అరుచుకుంటాయి, అప్పుడు ఎవరూ విచక్షణ చూపించలేదే అని అడిగాను. "మేడం, గ్రౌండ్ మీది, జనం మీవాళ్ళు. ఇంకా భాష కూడా మీదే కావాలంటే ఎట్లా?" అన్నాడు నవ్వుతూ. పక్కన ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. 

పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోదామా అనిపించింది. ఆడకపోతే వాకోవర్, ఎదుటి జట్టు గెలిచినట్టే, ఎంపిక మాటే ఉండదు. అందుకని కోర్టులో దించాను. మైకులో ప్రకటన వినగానే తాడు దగ్గర కూర్చున్న ఒక అవ్వ నా వైపు తిరిగింది. "మా ఊరికొచ్చి మమ్మల్నే మాట్లాడొద్దంటాండ్రేంది బిడ్డా?" అని అడిగింది.  జనం నోళ్ళు మూసుకుని కూర్చున్నారు.

మొదటి సగంలో మా చైన్ తెగుతూనే ఉంది. విరామంలో నాగమణి చెప్పింది: "టీచర్, తెలుగుల యాది చేసుకొని పలికేసరికి రెయిడర్ గీత దాటి పోతాంది." తెలుగు రాక కాదు. తెలుగులో పరీక్షలు రాసి పాసైన పిల్ల. కానీ రెప్పపాటులో నోటికి రావలసిన మాట వేరు. అయితే మాటలే వద్దు, ఒకరి చెయ్యి ఒకరు నొక్కి చెప్పుకోండి అన్నాను. రెండో సగం అట్లా ఆడారు, మూగగా. మెల్లమెల్లగా పుంజుకుని స్కోరు సమం చేశారు.

చివరి రెయిడ్ వాళ్ళది. రెయిడర్ నాగమణి వైపు వస్తున్నట్టు వచ్చి చటుక్కున అటు చివరన ఉన్న మా ఈశ్వరి కాలి మీదికి తిరిగింది. ఈశ్వరి అది చూడలేదు. నాగమణి చూసింది, నోటి నుంచి కోయలో ఒక్క మాట వచ్చింది. ఈశ్వరి కాలు వెనక్కి లాగేసింది, చైన్ రెయిడర్ చుట్టూ మూసుకుంది, కూత ఆగిపోయింది. రెఫరీ చెయ్యి మా వైపు ఎత్తాడు.

అప్పుడు కన్వీనర్ బల్ల దగ్గర నుంచి లేచాడు. రెఫరీ కొత్తవాడు. ఎత్తిన చెయ్యి దించేశాడు. మా పాయింట్ రద్దయింది, వాళ్ళకు టెక్నికల్ పాయింట్ వచ్చింది. ఒక్క పాయింట్ తేడాతో ఓడిపోయాం. అంత చేసి ఆ పిల్ల అన్నది, కాలు తియ్యి అని.

నియమం ప్రకారం వెంటనే రాతపూర్వకంగా ప్రొటెస్ట్ ఇచ్చాను. దాన్ని విన్నది ఎవరనుకున్నారు? ఆ కన్వీనరే. మీకు క్రీడాస్ఫూర్తి ఉండాలి మేడం అని తిప్పి పంపాడు. తీర్పు చెప్పినవాడే అప్పీలు వింటే ఏమవుతుందో అదే అయింది.

ఎంపిక జాబితా సాయంత్రం చదివారు. నాగమణి పేరు లేదు. ఎంపిక కమిటీలో ఒకాయన నాకు పాత పరిచయం, పక్కకు పిలిచి అడిగాను. ఆట బాగుంది, కాళ్ళు బాగా చదువుతుంది, ఒప్పుకుంటాను అన్నాడు. మరి ఏం తక్కువైంది అన్నాను.

"కెప్టెన్ అన్నాక కోర్టులో నోరు విప్పాలి కదా మేడం. ఈ పిల్ల ఫైనల్ మొత్తం ఒక్క మాట మాట్లాడలే" అన్నాడు.

ఆయన్ను తిట్టాను. నా ఉద్యోగంలో ఒక అధికారిని తిట్టింది అదొక్కసారే, దానికి నాకు మెమో కూడా వచ్చింది. చింత లేదు.

ఆ ఎండాకాలం నాగమణి మిర్చి తోటలకు పోయింది. మరుసటి ఏడాది నేను భద్రాచలంలో కాలేజీలో చేర్పించాను, చదువుకుంది. కాలేజీ జట్టులో ఆడమని పిలిస్తే మాత్రం వెళ్ళలేదు. ఎందుకని అడిగితే, "ఆడేటప్పుడు నోరు ఊరుకోదు టీచర్, మళ్ళ మీకు మాట వస్తది" అంది.

నేను నేర్చుకున్నది ఇది. మట్టి మనదైనా, జనం మనవాళ్ళైనా, నోటి మాటను తప్పు కింద రాయగలిగినవాడు బల్ల దగ్గర ఉంటే సొంత గ్రౌండ్ అనేది ఉండదు. అందుకే రిటైరయ్యే దాకా ప్రతి మేనేజర్ల మీటింగ్‌లో నా మొదటి ప్రశ్న ఒకటే: పిల్లలు ఏ భాషలో మాట్లాడుకోవచ్చు? విసుక్కున్నవాళ్ళున్నారు, నవ్వినవాళ్ళున్నారు. ఏ భాషలోనైనా అని కన్వీనర్ అందరి ముందు మైకులో చెప్పేదాకా నా కెప్టెన్‌ను టాస్‌కు పంపలేదు.