బైకాల్ మంచు మీద నా తర్జుమా

జీవితంలో ఒక్కసారే తర్జుమా చేశాను. అదీ కావాలనే తప్పుగా చేశాను.

తొంభైల్లో మేము దోహాలో, నజ్మా అనే పేటలో ఉండేవాళ్ళం. మా పై అంతస్తులో ఒక రష్యనావిడ ఉండేది. భర్త సూడాన్ డాక్టరు, మాస్కోలో చదువుకునే రోజుల్లో ఈవిడను పెళ్ళాడాడు. ఆవిడ నాకంటే పదేళ్ళు పెద్ద. ఇద్దరివీ వచ్చీరాని ఇంగ్లీషులు, అది ఆగిన చోట అరబ్బీ ముక్కలు. అయినా పిల్లలు బడికి వెళ్ళగానే ఏదో ఒక వంకతో కలిసేవాళ్ళం. నేను గోంగూర పచ్చడి ఇస్తే ఆవిడ రొట్టెకి జాములా పూసుకుని తినేది. చూస్తూ ఊరుకోవడం కష్టంగానే ఉండేది.

మా నాన్న తెనాలిలో లెక్కల మాస్టారు. ఊళ్ళోకి పుస్తకాల వ్యాన్ వస్తే కూరల సంచీతో వెళ్ళి, మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు నింపుకొచ్చేవారు. నా పెళ్ళికి సారెలో కూడా అవే పెట్టారు. దోహాకి వచ్చేటప్పుడు మా ఆయన సూట్‌కేసు ఎత్తి చూసి, “ఆవకాయ తగ్గించి ఈ ఇటుకరాళ్ళెందుకే?” అన్నారు. ఆవకాయా తగ్గలేదు, ఇటుకలూ తగ్గలేదు.

వాటిలో లావుపాటిది రష్యా అంతర్యుద్ధం మీద. విప్లవాన్ని ఎదిరించి ఓడిన తెల్ల సైన్యం సైబీరియా చలికాలంలో ఓమ్‌స్క్ నుంచి తూర్పుకి పారిపోవడం, విషజ్వరాలు, గుర్రాలు లాగే మంచుబళ్ళు, చివరికి గడ్డకట్టిన బైకాల్ సరస్సును దాటడం, అన్నీ అందులో ఉన్నాయి. వేసవి సెలవుల్లో నాన్న ఆ అధ్యాయం గొంతెత్తి చదివేవారు. వాళ్ళు మంచు మీద జారి పడ్డప్పుడల్లా మేము చప్పట్లు కొట్టేవాళ్ళం. మా ఇంట్లో రష్యా అంటే ఎర్ర సైన్యమే. అవతలి పక్షం వాళ్ళకీ పెళ్ళాం పిల్లలుంటారని మాకెవరూ చెప్పలేదు, మాకూ తోచలేదు.

ఒకరోజు ఉదయం ఆవిడ కిందికి వచ్చింది. వచ్చే వారం ఊరికి వెళుతోందట. తల్లికి జబ్బు ముదిరింది, ఇక ఎక్కువ రోజులు లేవన్నారట. నేను టీ పెట్టి వచ్చేసరికి అలమరలోంచి ఆ పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుని, అందులోని పటం మీద వేలు కదుపుతోంది.

“మా తాత ఈ దారినే వెళ్ళాడు,” అంది. “తెల్ల సైన్యంలో ఆఫీసరు. మా అమ్మ అప్పటికి నెలల పిల్ల. తల్లినీ పిల్లనీ దారిలో ఒక పల్లెలో దింపి, తను ముందుకు వెళ్ళిపోయాడు. ఖలాస్. మళ్ళీ కబురు లేదు.”

డెబ్బై ఏళ్ళు ఆవిడ తల్లి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదట. ప్రతి కాగితం మీదా తన తండ్రి కూలివాడని, జ్వరమొచ్చి పోయాడని రాసిందట. దేశం ముక్కలయ్యాకే కూతురి దగ్గర నోరు విప్పింది. ఇప్పుడు మంచం మీద ఒకటే అడుగుతోందట, ఆ మంచులో మా నాన్న ఎలా వెళ్ళి ఉంటాడు అని.

“ఇందులో వాళ్ళ గురించి ఏం రాశారు? చదువు,” అంది.

ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. అందులో వాళ్ళు దొంగలు, తాగుబోతులు, జబ్బుపడ్డ తోటివాళ్ళను మంచులో వదిలేసి పారిపోయిన పిరికివాళ్ళు. చిన్నప్పుడు కొట్టిన చప్పట్లు తలుచుకుని సిగ్గేసింది. చావుబతుకుల్లో ఉన్న మనిషికి ఇవా మోసుకెళ్ళమని ఇవ్వడం? ఈవిడకి తెలుగు రాదు కదా అన్న ధైర్యం ఒకటి. వరుసల మీద వేలు నడిపిస్తూ, చదువుతున్నట్టే నటిస్తూ, ఇంగ్లీషులో నా సొంతం మొదలుపెట్టాను. వాళ్ళు జబ్బుపడ్డవాళ్ళను బళ్ళ మీద పడుకోబెట్టి తాము నడిచారు. తమ కోట్లు విప్పి వాళ్ళకి కప్పారు. గుర్రాలు జారుతుంటే మంచు మీద గడ్డి పరిచారు. అబద్ధం అంత సులువుగా వస్తుందని అప్పటిదాకా నాకూ తెలీదు.

ఆవిడ అంతా విని పుస్తకం మూసింది. “మాఫీ,” అంది మెల్లిగా, అరబ్బీలో లేదని. “ఇందులో ఆ మాటలు లేవు.”

నాకు మొహం చెల్లలేదు.

“ఇది మా భాషలోంచి వచ్చిన పుస్తకమే కదా. బొమ్మలు చూడగానే గుర్తుపట్టాను. బళ్ళో ఈ పేజీ మాకు అప్పజెప్పించేవాళ్ళు.”

తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. వాళ్ళ పుస్తకాన్నే వాళ్ళకి మార్చి చెప్పాను.

“అప్పుడు నాకు పదేళ్ళు. వంటింట్లో నిలబడి బట్టీపట్టేదాన్ని. మా అమ్మ పొయ్యి దగ్గర ఉండేది. ‘దొంగలు, పిరికివాళ్ళు’ అన్న చోట నేను తడబడితే, ఇటు తిరగకుండానే మాట అందించేది. పక్కింటివాళ్ళకి వినబడేలా గట్టిగా చెప్పమనేది. ఆ మాటలు తన తండ్రి గురించేనని ఆవిడకి తెలుసు. నాకు తెలీదు.”

ఏడుపు ముందు నాకే వచ్చింది. క్షమించమన్నాను.

“మీ భాషలోనైనా వాళ్ళ గురించి ఒక మంచి మాట వేశారేమోనని అడిగాను,” అంది. బల్ల మీద మా అమ్మాయి నోటుపుస్తకం ఉంటే దగ్గరికి లాక్కుని, పెన్సిలు తీసుకుంది. “ఇందాక చెప్పింది మళ్ళీ చెప్పు. నెమ్మదిగా. ఆ పేజీ మా అమ్మకి ఒకసారి నా నోటితోనే వినిపించాను. ఈసారి ఇది వినిపిస్తాను. ఇండియా పుస్తకంలో ఉందంటాను.”

మళ్ళీ చెప్పాను. కోట్ల సంగతి, గడ్డి సంగతి. ఆవిడ తన భాషలో రాసుకుంటూ పోయింది. చివర పెన్సిలు ఆపి తలెత్తింది.

“సరస్సు దాటారా?”

“మీ తాత దాటాడు,” అన్నాను. “రాసుకోండి. అవతలి ఒడ్డు ఎక్కి, పాప ఉన్న వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు.”