తలుపు పక్క బెంచీ

కాంతమణి టీచర్ గొంతు సీతాఫల్‌మండి ఆడపిల్లల బడిలో నాలుగు గోడల మధ్య ఇమిడేది కాదు. ఆవిడ ఎక్కాలు చెప్పిస్తుంటే పక్క క్లాసు పిల్లలు కూడా ఊరికే నేర్చేసుకునేవాళ్లు. ఆదివారం వచ్చేసరికి అదే గొంతు నేరేడ్‌మెట్ చర్చిలో ఒదిగి ఒదిగి ఆల్టో పాడేది. ఆల్టో అంటే పాటలో ఆడవాళ్ల కింది స్వరం. పెళ్లి భోజనంలో పప్పులాంటిది. బాగుందని ఒక్కరూ అనరు, లేకపోతే మాత్రం పందిరంతా అడుగుతారు. బాపట్ల నుంచి ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం వాళ్లది. భర్త యేసురాజు టెలిఫోన్ ఆఫీసులో గుమాస్తా, బహు నెమ్మదస్తుడు. ఇంట్లో ఒక్కరు మాట్లాడితే చాలని పెళ్లయిన కొత్తలోనే తేల్చుకున్నాడు.

అంతటి గట్టి మనిషి, క్రిస్మస్ వెళ్లిన కొత్తలో, బస్సులో పడిపోయింది.

ప్యాట్నీ చౌరస్తా దగ్గర బస్సు ఆగింది, ఆగినది ఇక కదల్లేదు. లోపల కాలు పెట్టే సందు లేదు. ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంది. ఎంత పీల్చినా ఊపిరి చాలలేదు, వేళ్లు తిమ్మిరెక్కాయి. ‘ఇంతే, ఈ పూటతో సరి’ అనుకుంది. తర్వాత అంతా చీకటి. తెలివి వచ్చేసరికి సీటు మీద పడుకుని ఉంది. మొహమంతా నీళ్లు. ఎవరో ఒకావిడ తన ముక్కు దగ్గర ఉల్లిపాయ పట్టుకుంది. కుడిచేతిలో ఎవరివో తాళాల గుత్తి. మూర్ఛ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని మనవాళ్లలో తెలియనివాళ్లు లేరు. మూర్ఛ కాకపోతే ఏం చెయ్యాలో తెలిసినవాళ్లూ లేరు. ఎదురుగా ఒక పెద్దమనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఎట్లుందమ్మా ఇప్పుడు? మంచిగైతే జెర ఆ చాబీలు ఇస్తరా? దుకాణం తెరవాలె.”

కాంతమణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

డాక్టరు గుండె పరీక్ష చేయించాడు, రక్తం పరీక్ష చేయించాడు, మూర్ఛ కూడా కాదని తేల్చాడు. “మీ గుండెకేం, భేషుగ్గా ఉంది. దీన్ని పానిక్ అంటారు. ఇంట్లో దొంగ లేకపోయినా కుక్క మొరిగినట్టు, ఏ ప్రమాదమూ లేకుండానే ఒళ్లు బెదురుతుంది. ఎంత ఎక్కినా దానంతట అదే దిగుతుంది. కళ్లు తిరిగితే సిగ్గుపడకుండా ఎక్కడున్నా కూర్చోండి, వీలైతే పడుకుని కాళ్లు ఎత్తులో పెట్టుకోండి. ఊపిరి తీసుకోవడం కంటే వదలడం నిదానంగా ఉండాలి. నెలకోసారి వచ్చి కనిపించండి. అన్నిటికంటే ముఖ్యం, దాచకండి” అన్నాడు. కాంతమణి అన్నిటికీ బుద్ధిగా తలూపింది. అన్నీ చేసింది, ఆ చివరిది తప్ప; యేసురాజుకి కాక ఇంకెవరికీ చెప్పలేదు.

చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. చర్చిలో సగంమంది విశ్వాసం తగ్గిందంటారు. మిగతా సగం ఇంటికొచ్చి ఉపవాస ప్రార్థన పెడతారు. అందరూ కలిసి, “పాపం, ఈస్టర్‌కి నువ్వు పాడకమ్మా, కూర్చో” అంటారు. ఆ మాటే ఆమెకి భయం. పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె పాడని ఈస్టర్ లేదు. ఇల్లు మారినా, ఒళ్లు బాగాలేకపోయినా, ఆ పాటలో తన స్వరం తనకి ఉండేది. అది కూడా పోతే తను ఇంకెవరని, రాత్రిళ్లు దుప్పటి ముసుగులో ఏడ్చింది.

చిక్కేమిటంటే పాడేవాళ్లు కూర్చునే కొయిర్ బెంచీలు గోడకీ ప్రసంగ వేదికకీ మధ్య ఇరుక్కుని ఉంటాయి. అక్కడినుంచి లేచి పోవాలంటే చర్చి మొత్తం చూడాల్సిందే. అందుకని కొన్నాళ్లు గొంతు బాగాలేదని చెప్పి వెనక, తలుపు పక్క బెంచీకి మారింది.

ఆ చర్చిలో బెంచీల మీద పేర్లు ఉండవు. అయినా ఎవరి చోటు ఎవరిదో ఎన్నో ఏళ్లుగా ఖరారే. తలుపు పక్క మూల రోసమ్మగారిది. మిలిటరీ ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయిన మనిషి, నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఒకసారి బిషప్‌గారి బంధువు తెలియక అక్కడ కూర్చుంటే, ప్రార్థన మధ్యలో లేపేసింది.

“ఏందీ, పాటల బెంచీ ఇరిగిందా?” అంది రోసమ్మ.

“లేదమ్మగారూ, గాలి కోసం.”

“గాలి అందరిది. గీ మూల నాది. జెర జరుగు.”

కాంతమణి జరిగింది. ఆ ఆదివారమే పాస్టర్ అయ్యగారు, ఈస్టర్‌కి పాత ఆర్గనే వాయిస్తామని ప్రకటిస్తుండగా, ఆమెకి గుండె దడ మొదలైంది. లేచి బయటికి వెళ్లిపోయింది. పై ఆదివారం యువకులు కొత్తగా డ్రమ్ములతో పాట అందుకున్నారు. అప్పుడూ అదే దడ, అప్పుడూ లేచి వెళ్లిపోయింది.

ఇక్కడే పప్పులో కాలు పడింది, ఆమెది కాదు, సంఘానిది. కమిటీ ఎన్నికలు దగ్గరపడుతున్న రోజులవి. సెక్రటరీ, కొయిర్ మాస్టరూ అయిన జకర్యాగారు పాత ఆర్గన్ పక్షం. కుర్రాళ్ల తరఫు రిచర్డ్‌ది కీబోర్డు, డ్రమ్ముల పక్షం. రిచర్డ్ చర్చి లోపల బెంచీ మీద కూర్చున్న పాపాన పోయినవాడు కాదు. బయట స్కూటర్లు వరసగా పెట్టించడం, ముసలివాళ్లని చెయ్యిపట్టి మెట్లెక్కించడం తన సేవ అనేవాడు. ఎన్నికల కాలంలో మనవాళ్లు ఎవరైనా తుమ్మితే, ఏ పక్షం తుమ్మని ఆరా తీస్తారు. లేచి వెళ్లిపోతే ఊరుకుంటారా?

“టీచర్‌గారూ, సూపర్!” అన్నాడు రిచర్డ్, ఇంటికొచ్చి టీ తాగుతూ. “ఆర్గన్ అనంగనే అందరి ముందు లేచి పోయిండ్రు. గదీ ప్రొటెస్ట్ అంటే!”

మర్నాడు జకర్యాగారు అదే కుర్చీలో కూర్చున్నారు. “సహోదరీ, ఆ డ్రమ్ముల మోత భరించలేక మీరు వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. నా కడుపు నిండింది.”

కాంతమణి ఇద్దరికీ బిస్కెట్లు పెట్టింది, ఇద్దరికీ నిజం చెప్పలేదు. వాళ్లు వెళ్లాక యేసురాజు ఖాళీ పంచదార డబ్బా బోర్లించి చూపించాడు.

“మణీ, ఒక్క మాటతో పోయేదానికి మనం రెండు పార్టీలని మేపుతున్నాం.”

“చెబితే నన్ను పాడనివ్వరండీ.”

“ఇప్పుడు మాత్రం పాడుతున్నావా?” అన్నాడు. ఆయన మాట్లాడితే అంతే, అరుదుగా అంటాడు, సూటిగా తగులుతుంది.

ఈస్టర్‌కి ముందు వచ్చే మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక సర్వసభ్య సమావేశం పెట్టారు. రెండు పక్షాలవాళ్లూ కమిటీకి కాంతమణి పేరే ప్రతిపాదించారు. సంఘం చరిత్రలో ఎప్పుడూ లేని విడ్డూరం! పేరు చదివినవాళ్లు ముందుకొచ్చి, వేదిక పక్కన నిలబడి, “సమ్మతమే” అనాలని అక్కడి ఆనవాయితీ. అందరూ తిరిగి చూశారు. కాంతమణి లేచి నడిచింది. సగం దూరం వెళ్లేసరికి ఫ్యాన్ల చప్పుడు చెవుల్లోంచి జారిపోయింది. కాళ్లు తనవి కావు. తలుపు ఎక్కడో వెనక ఉండిపోయింది, వేదిక ఇంకా ముందెక్కడో ఉంది.

ఆమె ఆగింది. ఎక్కాలు చెప్పే గొంతు చాలా రోజుల తర్వాత బయటికొచ్చింది.

“నాకు ఏ పార్టీ లేదు. ఆర్గనూ వద్దు, డ్రమ్ములూ వద్దు. నాకు భయం వస్తుంది. గుండె దడ, ఊపిరాడదు, కళ్లు తిరుగుతాయి. అందుకే తలుపు దగ్గర కూర్చుంటున్నా, అందుకే లేచి వెళ్లా. ఇప్పుడు కూడా వచ్చింది. నేను కింద కూర్చుంటున్నా.”

కూర్చుంది కూడా, పట్టుచీరతో, నడవలో, నేల మీద.

అందరూ ఒకేసారి కదిలారు. జకర్యాగారు చర్చి తాళాల గుత్తితో పరుగెత్తుకొచ్చారు. ఎవరో ఉల్లిపాయ కోసం కేక పెట్టారు. వాళ్లందరినీ చేతికర్రతో తోసుకుంటూ రోసమ్మ వచ్చింది.

“తాళాలెందుకయ్యా, ఆమె ఏమన్న బీరువా తీస్తదా? దూరం జరుగుండ్రి, గాలి రానియ్యుండ్రి. ఆ మట్టలు ఊరికే పట్టుకున్నరేంది, ఇసురుండ్రి!”

పొద్దున ఊరేగింపుకి తెచ్చిన ఖర్జూరపు మట్టలు విసనకర్రలయ్యాయి. రోసమ్మ మోకాళ్లు పట్టుకుంటూ కష్టం మీద ఆమె పక్కనే నేల మీద కూలబడి, కొంగు ముడిలోంచి పిప్పరమెంటు తీసి నోట్లో పెట్టింది.

“నేనెందుకు ఆ మూల ఇడువనో ఎవరన్న అడిగిండ్రా? నేను సుత ఆల్టోనే పాడేదాన్ని, బిడ్డా. మా ఆయన పోయినంక షురూ అయింది గీ తక్లీఫ్. ఎవ్వరికి చెప్పలే. ఒక రెండు వారాలు తలుపు కాడ కూసుంట అనుకున్న. గాడనే ముసలిదాన్నైన.”

కాంతమణి ఆ ముడతల చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎన్నేళ్లు! పక్కన ఇంతమంది ఉండగా, ఒక్కతే ఎన్నేళ్లు కూర్చుంది ఆ మూల! తన భయం సంగతి మరిచిపోయి ఆమె కోసం కళ్లు తుడుచుకుంది.

“ఏడుస్తే ఊపిరి ఇంక ఎగేస్తది. పాడు. మెల్లగ, కింది సుతి. పాట తీస్తే ఊపిరి దానంతట అదే నిదానంగ పోతది.”

కాంతమణి సన్నగా అందుకుంది. రోసమ్మ బొంగురు గొంతు కలిపింది. మా వాళ్ల సంగతి తెలిసిందే కదా, రాగం వినబడితే నోరు మూసుకుని ఉండడం చేతకాదు. ఒక మూల నుంచి పై స్వరం పాడే సొప్రానోలు అందుకున్నారు, తాళాలు చేతిలోనే పట్టుకుని జకర్యాగారు మగవాళ్ల పై స్వరం, టెనర్ అందుకున్నారు. బయట మెట్ల మీదనుంచి రిచర్డ్ లోతైన బేస్ గొంతు వచ్చింది. ఆర్గన్ లేదు, డ్రమ్ములు లేవు. ఆ పూటకి ఎన్నికల సంగతే ఎవరికీ గుర్తు రాలేదు.

ఈస్టర్‌కి జకర్యాగారు కొయిర్ బెంచీలు జరిపించి, ఆల్టోలని పక్క తలుపు దగ్గర కూర్చోబెట్టారు. తలుపు మూసుకుపోకుండా ఇటుక అడ్డం పెట్టారు. ఆ ఇటుక ఆయనే స్వయంగా మోసుకొచ్చారని నలుగురికీ చెప్పుకున్నారు కూడా. కాంతమణి పక్కన రోసమ్మ కూర్చుంది, కొత్తగా కుట్టించుకున్న తెల్ల జాకెట్టుతో. ప్రసంగం మధ్యలో కాంతమణికి ఒకసారి దడ వచ్చింది. పాదాలు నేలకి ఆనించి, ఊపిరి నిదానంగా వదిలింది. తలుపు వైపు చూసింది. అది తెరిచే ఉంది. లేవాలనిపించలేదు. దడ వచ్చిన దారినే పోయింది. తర్వాత పాడింది, ఎంత బాగా పాడిందంటే, వెనక కూర్చున్న యేసురాజు ఆరాధన అయ్యేవరకు ఆగలేక పక్కాయనతో, “మా ఆవిడే” అన్నాడు.

పాట ముగించి కూర్చుంటూ, కాంతమణి అలవాటుగా వెనక తలుపు వైపు చూసింది. రోసమ్మగారి మూల ఖాళీగా లేదు. అక్కడ రిచర్డ్ కూర్చుని ఉన్నాడు. స్కూటర్లు లేవు, సేవ లేదు. రెండు చేతులతో ముందు బెంచీ పట్టుకుని, తల దించుకుని, ఎవరి మొహమూ చూడకుండా, మొదటిసారి చర్చి లోపల కూర్చున్నాడు.

కాంతమణి రోసమ్మ మోచెయ్యి తట్టి చూపించింది. తన చోట ఎవరైనా కూర్చుంటే ఏమవుతుందో తెలిసిన ఆల్టోలందరూ ఊపిరి బిగబట్టారు. రోసమ్మ అటు తిరిగి చూసింది.

“కూసోనీ. ఆ మూల మంచిది” అంది.

కొంగు ముడి విప్పి, ఒక పిప్పరమెంటు తీసి, ముందు బెంచీవాళ్ల చేతిలో పెట్టి, వెనక్కి పంపమంది. అది చెయ్యి మారుతూ, బెంచీ మారుతూ, ఎవరూ ఏమీ అడగకుండా, తలుపు దాకా వెళ్లింది.