వదిన నెత్తి మీద ఒట్టు

ఆరేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. చిన్నదే, రెండు మాటలు. కానీ మా వదిన నెత్తి మీద చెయ్యి వేసి మరీ చెప్పిన మాటలు. మా వీధిలో ఎవరికైనా చెబితే సాయంత్రానికల్లా నర్సీపట్నం అంతా తెలిసిపోతుంది. మీకు నేను తెలియదు, నాకు మీరు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నవ్వొస్తే నవ్వండి, మొహమాటపడకండి. రాస్తుంటే నాకే నవ్వొస్తోంది.

నేను టీచర్ని. ఇద్దరు పిల్లలు పుట్టాక బాగా ఒళ్లు చేశాను. బస్సులో ముగ్గురి సీట్లో నేను కూర్చుంటే మూడో మనిషి నిలబడాల్సిందే. ఆ రోజుల్లోనే ఒక మేడమ్ గారు మా ఊళ్లో మేడ మీద గది తీసుకుని షేకుల క్లబ్ పెట్టారు. పొద్దున్న టిఫిన్ బదులు ఒక గ్లాసు, రాత్రి భోజనం బదులు ఒక గ్లాసు. డబ్బాలో పొడి సీసాలో వేసి, నీళ్లు పోసి, గిలక్కొట్టి తాగడమే. చేరిన రోజు పక్కకి తిరగమని, పొట్ట కనిపించేలా ఫోటో తీశారు. తాగాను. తగ్గాను కూడా. ఉన్నమాట చెప్పుకోవాలి కదా, మూడు నెలల్లో జాకెట్లన్నీ వదులైపోయాయి. కానీ ఎన్నాళ్లని ఆ డబ్బాతో కాపురం చేస్తాం? ఒకరోజు మానేసి ఎప్పటిలా తినడం మొదలుపెట్టాను. పోయిన ఒళ్లు తిరిగొచ్చింది, చుట్టాల్ని కూడా వెంటబెట్టుకుని. సిగ్గేసి ఆ వీధి వైపు పోవడమే మానుకున్నాను.

ఆ ఏడే నాకు కొయ్యూరు వైపు, మన్యంలోకి బదిలీ అయింది. వారమంతా అక్కడే గది, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి. గది ఇచ్చిన ముసలమ్మ తనతో పాటు నాకూ వండేది. పొద్దున్న చోడి అంబలి, అంటే రాగి జావ, నంజుకోవడానికి ఉల్లిపాయ. మధ్యాహ్నం కొంచెం సామ అన్నం, దానికి రెండింతలు తోటకూర పప్పు. బజ్జీల బండి లేదు, బేకరీ లేదు. బడికి ఎత్తు ఎక్కి నడిచి పోవాలి. బరువు తగ్గాలని నేనేమీ చెయ్యలేదండీ. ఆకలేస్తే తిన్నాను, అంతే. ఏడాదిన్నరలో నెమ్మదిగా, నాకే తెలియకుండా తగ్గిపోయాను. ఆ తగ్గింది మళ్లీ రాలేదు. మా ఇంట్లో ఇప్పటికీ అదే తిండి. అక్కడా ఇక్కడా నేనేం తింటున్నానో గడప దాటి ఎవరికీ తెలియదు.

బదిలీ మీద తిరిగొచ్చాక బజారులో మేడమ్ గారు నన్ను చూశారు. నోరు తెరిచే సందివ్వకుండా చెయ్యి పట్టుకుని క్లబ్బుకి లాక్కుపోయారు. "మన షేకు మహిమ చూడండి!" అన్నారు. గదినిండా ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. అప్పుడే చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదు? ఎన్నిసార్లు అడుక్కున్నానో ఈ ప్రశ్న. మేడమ్ గారికి భయపడా? కాదు. చప్పట్లు. బళ్లో పిల్లలకి చప్పట్లు కొట్టించడమే గానీ, నా కోసం ఎవరైనా కొట్టడం అదే మొదలు. నా లావు ఫోటో, సన్నం ఫోటో పక్కపక్కనే గోడకెక్కాయి. పని లేకపోయినా అటు వెళ్లి, నన్ను నేను చూసుకుని వచ్చేదాన్ని. ఇంతటి పిచ్చిదాన్ని మీరు ఎక్కడైనా చూశారా?

ఆ ఫోటో మా వదిన కూడా చూసింది.

వదిన అంటే మా అన్నయ్య భార్య. చిన్నప్పుడు నాకు జడలు వేసిన మనిషి. రెండు వీధులవతల ఇల్లు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మేమంతా అక్కడే. భోజనాల చివర పెద్ద బేసిన్‌లో అన్నం, పప్పు, ఆవకాయ, నెయ్యి కలిపి, వరసగా అందరి చేతుల్లో తలొక ముద్ద పెట్టడం వదిన అలవాటు. బేసిన్‌కి అంటుకున్నదంతా తుడిచి చేసే ఆఖరి ముద్ద ఆవిడది. "ఇది కలిపినోల్ల కూలి" అని, కళ్లు మూసుకుని తినేది. అది చూడడానికే మేం కూర్చునేవాళ్లం.

మోకాళ్ల నొప్పులని వదిన నన్ను వెంటబెట్టుకుని క్లబ్బుకి వచ్చింది. నా ఫోటోల కింద నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

"నిజం సెప్పు. ఏటి తిని తగ్గావే?"

పక్కనే మేడమ్ గారు. చుట్టూ నాకు చప్పట్లు కొట్టినవాళ్లు.

"షేకే వదినా."

"నా నెత్తి మీద సెయ్యేసి సెప్పు."

వేశాను. నూనె రాసిన జుట్టు నున్నగా, వెచ్చగా తగిలింది. "ఒట్టు" అన్నాను.

వదిన ఏడాది తాగింది. కలిపితే తినబుద్ధేస్తుందని ఆదివారం ముద్దలు ఆపేసింది. తగ్గింది, ఫోటో తీశారు. డబ్బాలు మానేశాక నాకు జరిగిందే ఆవిడకీ జరిగింది. అలా జరుగుతుందని నాకు ముందే తెలుసు! ఒక మనిషి మీ మాట నమ్మి గోతిలోకి నడుస్తుంటే, ఆ గోతిలో ఒకసారి పడి లేచిన మీరు గట్టు మీద నిలబడి చూస్తారా? నేను చూశాను. "నాదే తప్పే. నువ్వు నోరు కట్టుకున్నావు, నాను కట్టుకోనేకపోయాను" అంది వదిన. "పోనీలే వదినా" అని నేనే ఓదార్చాను. దొంగతనం చేసినవాడే వచ్చి ఇంటివాళ్లని ఓదార్చినట్టు.

ముద్దలు మళ్లీ మొదలయ్యాయి. కానీ ఆఖరి ముద్ద ఎవరి చేతిలోనో పెట్టేసేది. "నాకొద్దు, నాకసలే నోరు కట్టుకోడం రాదు" అనేది. వంటింట్లో గోడవైపు తిరిగి, ఎవరూ చూడకుండా నాలుగు మెతుకులు తినేది. ఐదేళ్లు ఇలా. ఐదేళ్లూ నేను ఆ చేతి ముద్ద తిన్నాను.

పోయిన ఆదివారం వెళ్లేసరికి వంటింటి గట్టు మీద కొత్త డబ్బా. ఇంకా మూత తియ్యలేదు.

"ఈపాలి నోరు కుట్టేసుకుంతాను, సూడు" అంది వదిన.

ఇక నావల్ల కాలేదు. అక్కడే, పోపు వేగుతుండగా, అంతా చెప్పేశాను. కొయ్యూరు, ముసలమ్మ, అంబలి, చప్పట్లు. వదిన స్టవ్ ఆపింది.

"సోడంబలా?"

"ఊఁ."

"ఉల్లిపాయ్‌తోనా?"

"ఊఁ."

"ఓలమ్మో! మనింట్లో సోళ్లు పురుగులు పడతన్నాయి, నానేమో సుద్దపొడి తాగానా!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే నా చెయ్యి చూసింది. "నా నెత్తి మీద సెయ్యేసి సెప్పావే" అంది. అప్పుడు నవ్వలేదు. ఆ చెయ్యి కొంగు కింద దాచుకున్నాను.

భోజనాలయ్యాయి. వదిన బేసిన్ తెచ్చి కలిపింది. అందరం చేతులు చాపాం. అన్నయ్యకి పెట్టింది. పిల్లలకి పెట్టింది. నా దగ్గరికొచ్చి, నా చెయ్యి దాటి పక్కకి పోయింది.

"నీకు షేకుంది కదే" అంది.

అందరూ గొల్లున నవ్వారు. ఎందుకో వాళ్లకి తెలియదు. నాకు కళ్లలో నీళ్లు, మొహం మీద నవ్వు, రెండూ ఒకేసారి వచ్చాయి. క్షమించిందో లేదో అడగలేదు. అడగను. చెప్పేశాను, అదే చాలు, ఒళ్లంతా తేలిగ్గా ఉంది. చాపిన చెయ్యి మాత్రం తీయలేదు.

వదిన మా అందరి మధ్యా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బేసిన్ శుభ్రంగా తుడిచింది. "కలిపినోల్ల కూలి" అంది, నా వైపు చూస్తూ. కళ్లు మూసుకుని, ఆఖరి ముద్ద తింది. నా ముద్దా ఆవిడే తింది.