పేచీ అక్క అడవి ఇంగ్లీషు

పేచీ అక్కకు ఆ పేరు ఊరికే రాలేదు. జీపు డ్రైవరు మొదలుకొని పై అధికారి దాకా, ఆవిడ చేత ఒక్కసారైనా మాట పడనివాళ్ళు ఆ అడవి ఆఫీసులో లేరు. టీ చల్లారిపోతే పేచీ, రంపం పళ్ళు మొద్దుబారితే పేచీ, కూర్చునే బల్ల మీద ఎవరైనా తడి గొడుగు పెడితే అంతకన్నా పెద్ద పేచీ. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉంది. అక్కడే ఉండిపోయింది పాపం, ఆ పేరుతో పిలిచే దిక్కు లేదు.

ఆవిడ పని చెట్లకు గుర్తు పెట్టడం. అది మనుషులు నాటిన అడవి. చెట్లు మరీ ఒత్తుగా పెరిగితే ఒకదాని నీడలో ఇంకొకటి ఎండిపోతుంది కాబట్టి మధ్యమధ్యలో కొన్నిటిని తీసేస్తూ ఉండాలి. ఏది ఉండాలో ఏది పోవాలో ఆవిడ చూసి గుర్తు పెడుతుంది, వెనకాల రంపాల జట్టు వచ్చి కోస్తుంది. ఉండాల్సిన చెట్టుకు రంగు, పోవాల్సిన చెట్టుకు సుద్ద. రంగు ఏళ్ళ తరబడి నిలవాలి, సుద్ద రంపం వచ్చేదాకా నిలిస్తే చాలు. రంగున్న చెట్టు మీద సుద్ద కనిపించిందంటే పైవాళ్ళు మనసు మార్చుకున్నారని అర్థం. సుద్ద పడ్డ చెట్టు ముందు రంపం మనిషి నిలబడి ఆలోచించడు. ఆలోచించాల్సినవాళ్ళు ముందే ఆలోచించేశారని అతని నమ్మకం, పనంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది.

ముసలి మేస్త్రీ మోకాళ్ళ నొప్పులతో పని మానేశాక జట్టును నడిపిస్తున్నది పేచీ అక్కే. మేస్త్రీ అని ఎవరూ కాయితం రాసివ్వలేదు, అంతే తేడా. ఎవరు ఎక్కడ నిలబడాలి, చెట్టు ఏ పక్కకు ఒరగాలి, అన్నీ ఆవిడ చెప్పినట్టే జరిగేవి. ఒక్క వాకీటాకీ దగ్గర మాత్రం ఆవిడ నోరు పడిపోయేది. అది గరగరమంటూ ఇంగ్లీషులో ఏదో వాగగానే అందరూ ఇస్త్రీ చొక్కా అని పిలిచే మనిషి చేతికిచ్చి, "ఏమంటున్నాడు?" అని అడగాలి. అతనూ ఆ జట్టులోవాడే. పొద్దున ఎలా వచ్చాడో సాయంత్రం అలాగే ఇంటికి పోతాడు, బురదకు కూడా అతనంటే భయమే. పని వచ్చినవాడు, ఇంగ్లీషు వచ్చినవాడు, పైగా మంచివాడు. అదే పేచీ అక్కకు మింగుడు పడేది కాదు. చెడ్డవాడైతే కడుపారా తిట్టుకోవడానికైనా వీలుండేది.

ఒకరోజు రేంజరు ఆవిణ్ణి ఆఫీసుకు పిలిపించాడు. వయసులో ఆవిడకన్నా చిన్న. ఆవిడ నోటికి జడిసినా, ఆవిడ పనంటే గౌరవం ఉన్నవాడు.

"అక్కా, ఇకనుంచి మేస్త్రీ అవ్వాలంటే అడవి మాటలు ఇంగ్లీషులో రావాలట. పెద్దాఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చి పరీక్ష పెడతారు. నీకు రాకపోతే ఇస్త్రీ చొక్కాని వేస్తారు."

"చెట్లకి ఇంగ్లీషు వచ్చా సార్?"

"చెట్లకి రాదు. కొత్తగా వచ్చిన యంత్రాల డ్రైవర్లు తలా ఒక చోటు నుంచి వచ్చారు. వాళ్ళ మాట నీకు రాదు, నీ మాట వాళ్ళకి రాదు. అందరికీ కలిసేది అదొక్కటే. రేపు నువ్వు ఆగమంటే వాడు ఆగొద్దూ?"

అందులో తప్పేమీ కనిపించలేదు. తప్పు కనిపించకపోయేసరికి పేచీ అక్కకు ఇంకా ఒళ్ళు మండింది. "సరే, నేర్చుకుంటా. నేర్చుకుని మేస్త్రీ అవుతా. ఆ వాకీటాకీ ఇంకొకరి చేతికిచ్చే పనే లేదు" అని బయటికి వచ్చేసింది.

చదువు చెప్పే బాధ్యత మేనకోడలి నెత్తిన పడింది. ఆ పిల్ల నర్సు చదువు చదువుతోంది. సెలవు రోజుల్లో మేనత్త ఇంటికి వచ్చేది. మొదటి రోజే బొమ్మల పుస్తకం తెరిచి, "అత్తా, ఏ ఫర్ యాపిల్" అంది.

"యాపిల్ చెట్టు మా అడవిలో లేదు. ఉన్నవాటితో మొదలుపెట్టు."

అలా మొదలైంది. పైన కొమ్మలన్నీ కలిసి కమ్మేసేది కేనోపీ. చేతి కర్రంత ఎదిగిన మొక్క సాప్లింగ్. కోసేసిన మోడు నుంచి పిలకలు రానిచ్చి పెంచేది కాపిస్. చెట్లు పలచన చేయడం థిన్నింగ్. వేళ్ళతో సహా గాలికి చెట్టు పడిపోతే విండ్‌త్రో. ఈ చివరిది ఆవిణ్ణి ఏడిపించింది. నాలుక ఎటు తిప్పినా అది ఇంకో పక్కకు జారిపోయేది. మేనకోడలు నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి పోయేది.

"చచ్చిన చెట్టుకేమో డెడ్‌వుడ్ అని పేరు పెట్టి అడవిలోనే ఉంచమంటారు. బతికున్నదాన్నేమో థిన్నింగ్ అని కొట్టమంటారు. ఈ భాషకి బుద్ధుందా అసలు?" అని భర్త మీద విరుచుకుపడింది ఒకసారి. ఆయన రంపాలకు పదును పెట్టేవాడు. ఒళ్ళో రంపం, చేతిలో ఆకురాయి, నోట్లో మాట తక్కువ.

"ఇన్నాళ్ళూ తెలుగులో నువ్వు కొట్టించిందీ అవేగా" అన్నాడు తలెత్తకుండా.

పుస్తకంలో చూస్తే తలకెక్కని మాట చెట్టు దగ్గర నిలబడితే ఇట్టే ఎక్కేది. అది కనిపెట్టాక పేచీ అక్క పుస్తకాన్ని ఇంట్లో పడేసింది. మాటల్ని కాయితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాయించుకుని అడవికి పట్టుకుపోయేది. జట్టు పని ముగించి లారీ దగ్గరికి నడిచాక, తను వెనకబడి చెట్టు బెరడు మీద ఆ అక్షరాలు దిద్దేది. చేతిలో ఎలాగూ సుద్దముక్క ఉండేది. పైకి చదివి, ఇంకోసారి చదివి, తడిగుడ్డతో తుడిచేసి ఇంకో చెట్టు దగ్గరికి పోయేది. కొన్నాళ్ళకు ఆవిడ కంటికి చెట్టు పలకలా కనిపించడం మొదలుపెట్టింది. తన చేతిలో ఉన్నది ఏ సుద్దో, ఆ సుద్దకు ఆ అడవిలో అర్థమేమిటో ఆ కాసేపూ మరిచిపోయేది.

ఒక సాయంత్రం మబ్బు కమ్మింది. ఆవిడ విత్తనాల చెట్టు దగ్గర ఉంది. అది ఆ అడవిలోకెల్లా నిటారైన చెట్టు. ఏటా దాని గింజలు ఏరి నర్సరీలో నారు పోస్తారు. చుట్టూ పసుపురంగు పట్టీ ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. దాని మీద 'సీడ్ ట్రీ' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి మురిసిపోతుండగా లారీ హారను మోగింది, వెంటనే వాన దబదబా దిగింది. వానే తుడిచేస్తుందిలే అనుకుని కొంగు నెత్తిన కప్పుకుని పరిగెత్తింది. వాన ఏటవాలుగా కొట్టింది. అక్షరాలున్న పక్క పొడిగా ఉండిపోయింది.

మర్నాడు పేచీ అక్క జట్టుకు సెలవు. పక్క బ్లాకు నుంచి ఇంకో జట్టు వచ్చింది. వాళ్ళకు ఇంగ్లీషు రాదు, సుద్ద వచ్చు.

తర్వాతి రోజు వెళ్ళేసరికి అక్కడ ఆకాశం కనిపించింది. ఎప్పుడూ చల్లగా ఉండే చోట ఎండ పడుతోంది. మోడు మీద తడి ఇంకా ఆరలేదు. పేచీ అక్క అలాగే నిలబడిపోయింది.  పక్క జట్టులో ఆ చెట్టు కోసిన మనిషి వచ్చి చేతులు నలుపుకుంటూ, "సుద్ద ఉందక్కా, అందుకే కోశా" అన్నాడు. తిడుతుందని తల వంచుకున్నాడు. "నువ్వు సరిగ్గానే చేశావు" అని ఆవిడ అతన్ని పంపేసింది. ఆ రోజంతా ఎవరితోనూ పేచీ పెట్టుకోలేదు. సిగ్గుతో, దుఃఖంతో లోపల కుమిలిపోయింది.

రేంజరుకు తనే వెళ్ళి చెప్పింది. ఆయన తల పట్టుకున్నాడు. పరీక్ష దగ్గర పడింది, పైగా ఆ చెట్టు గురించి పెద్దాఫీసుకు ఎలాగూ చెప్పాలి.

"అక్కా, నా మాట విను. ఆ వానకి గాలి కూడా గట్టిగానే వీచింది. వేళ్ళు లేచి చెట్టు ఒరిగింది, ప్రమాదమని కోసేశారు. అంతే. మేడమ్ అడిగితే విండ్‌త్రో అని ఒక్క మాట అను. ఆ జట్టు మీదికి మాట రాదు, నీకు మేస్త్రీ పని పోదు, నా మెడకి చుట్టుకోదు."

"గాలికి పడిందంటే వేళ్ళకు బలం లేని జాతి అనుకుంటారుగా సార్. నర్సరీలో దాని నారు సంగతేంటి?"

"పీకించేస్తారు. పోనీలే అక్కా, మళ్ళీ పోసుకోవచ్చు."

ఆవిడ నేరుగా ఇంటికి వచ్చింది. భర్తకు చెప్పింది. ఆయన ఆకురాయి పక్కన పెట్టాడు.

"ఇన్నేళ్ళు పడ్డ కష్టం నీది. రేంజరు గారన్నట్టు అనేస్తే ఎవరికీ నష్టం లేదుగా" అన్నాడు.

"ఆ చెట్టుకి లేదా? గాలికి పడే చెట్టా అది?"

"పడిపోయిన చెట్టు పరువు గురించి ఎవరడుగుతారు?"

"నేనడుగుతా" అంది పేచీ అక్క. అన్నదే గానీ, మేస్త్రీ పని చేతికందే దూరంలో ఉంది. ఒక్క మాట చాలు, ఆ మాట వచ్చు కూడా.

పరీక్ష ఆఫీసు గదిలోనే జరిగింది. బల్లకు అవతల కళ్ళజోడు మేడమ్. ఆవిడకు తెలుగు ముక్క రాదు. పక్కన రేంజరు, అవసరమైతే చెప్పడానికి. మేడమ్ ఫొటోలు ఒక్కొక్కటే చూపిస్తుంటే పేచీ అక్క టకటకా చెప్పుకుపోయింది. కేనోపీ. సాప్లింగ్. డెడ్‌వుడ్. కాపిస్. ఒక ఫొటో దగ్గర తడబడి తప్పు చెప్పింది, మొహం చిట్లించి తర్వాతిది చూపించమన్నట్టు చెయ్యి ఊపింది. మేడమ్ నవ్వింది, తర్వాతిది చూపించింది.

ఫొటోలయ్యాక మేడమ్ మోడు ఫొటో ఒకటి బయటికి తీసింది. "ది సీడ్ ట్రీ. వాట్ హ్యాపెండ్?" అంది. రేంజరు కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

 మేనకోడలు పేర్లు నేర్పింది గానీ వాటిని కలిపి మాట్లాడటం నేర్పలేదు. ఉన్న పేర్లతోనే నెట్టుకురావాలి.

"నో విండ్‌త్రో" అంది. నాలుక ఈసారి ఎటూ జారలేదు. "నో విండ్. చాక్. మై చాక్."

రేంజరు ఉలిక్కిపడి, "అక్కా" అన్నాడు మెల్లగా.

"ఉండండి సార్, నన్ను చెప్పనివ్వండి." ఆవిడ మళ్ళీ మేడమ్ వైపు తిరిగింది. "ఐ రైట్. సీడ్ ట్రీ. ఫర్ ఇంగ్లీష్. మెన్ సీ చాక్, మెన్ కట్. మెన్ గుడ్. ట్రీ గుడ్. రూట్స్ వెరీ గుడ్. మిస్టేక్ మై."

మేడమ్ మోడు ఫొటోను తిరిగి కవర్లో పెట్టింది. తర్వాత నిదానంగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. మాటల పరీక్ష పాసయ్యావు. కానీ చెట్టు మీద సుద్ద వదిలి వెళ్ళినవాళ్ళకు ఈ ఏడాది జట్టును అప్పగించలేను. మేస్త్రీగా ఇంకొకరిని వేస్తాను.

రేంజరు తెలుగులో చెప్పబోయాడు.

"అక్కర్లేదు సార్, అర్థమైంది" అంది పేచీ అక్క. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. లేవకుండా బల్ల మీదికి వంగి, "నర్సరీ? సాప్లింగ్స్?" అని అడిగింది.

మేడమ్‌కు ఒక్క క్షణం పట్టింది. "ది సాప్లింగ్స్ స్టే" అంది.

"స్టే" అని మళ్ళీ అనిపించుకుని గానీ పేచీ అక్క కుర్చీలోంచి లేవలేదు.

వరండాలో రేంజరు వెనకాలే వచ్చాడు. కోపంగానూ ఉన్నాడు, బాధగానూ ఉన్నాడు. "ఒక్క మాట అక్కా. ఒక్క మాట అనుంటే ఈపాటికి మేస్త్రీవి. చేజేతులా పోగొట్టుకున్నావు."

"ఆ మాట రాక అనలేదనుకున్నారా సార్? నాలుక తిరక్క నానా తిప్పలు పడి నేర్చుకున్నా దాన్ని. అబద్ధమాడాలంటే నాకు తెలుగు చాలు, దానికి ఇంగ్లీషెందుకు?"

రేంజరు వరండా మెట్లు దిగబోయాడు.

"వచ్చే ఏడు మళ్ళీ పరీక్షకి కూర్చుంటా. ఇప్పుడే నా పేరు రాసుకోండి. పేచీ అక్క అని కాదు, అసలు పేరు రాయండి" అంది ఆవిడ. ఆయన జేబులోంచి పెన్ను తీసేదాకా అక్కడే నిలబడింది.